ఎవరి నేల, ఎవరి ఆట? – కురుపాం కొండల్నించి చూసిన స్టేడియాల చరిత్ర

తెలుగులో ఆటల చరిత్ర అంటే ఇంతవరకూ పరుగుల చరిత్ర, కప్పుల చరిత్ర. ఎవరు సెంచరీ కొట్టారో, ఎవరు వికెట్లు పడగొట్టారో పత్రికలు తారీఖులతో సహా రాసిపెట్టాయి. ఆ ఆట జరిగిన నేల ఎవరిది, ఆ నేలను ఎవరు ఎవరికి ఏ ధరకు ఇచ్చారు, గోడ కట్టిన డబ్బు ఏ పద్దులోంచి వచ్చింది, జట్టు వెళ్ళిపోయాక ఆ గోడల మధ్య ఏం మిగిలింది – ఈ ప్రశ్నలు అడిగిన చరిత్రకారులు మనకు తక్కువ. దళిత ఉద్యమం కూడా భూమి గురించి, చదువు గురించి, ఉద్యోగాల గురించి అడిగినంత గట్టిగా మైదానం గురించి అడగలేదు. ఇది మా లోపం కూడా. ఈ వ్యాసం ఆ లోపాన్ని పూర్తిగా తీర్చదు గాని, అడగాల్సిన ప్రశ్నల్ని ఒకచోట పెడుతుంది.

మేము ఈ ప్రశ్నల్ని కురుపాం నుంచి అడగదల్చుకున్నాం. విశాఖపట్నానికి సుమారు నూటయాభై కిలోమీటర్ల దూరంలో, తూర్పు కనుమల అంచున, జాతాపులు, సవరలు ఎక్కువగా బతికే కురుపాంకీ కోట్ల రూపాయల క్రికెట్టుకీ సంబంధం ఏటి అని ఎవరైనా అడగొచ్చు. సంబంధం ఉంది. స్టేడియానికి కావాల్సినవి మూడు: నేల, నీళ్ళు, ప్రభుత్వ సొమ్ము. ఈ మూడింటి కోసమే కురుపాం చరిత్రంతా నడిచింది.

ఒకప్పుడు ఇది జమీందారీ. 1948 ఎస్టేట్ల రద్దు చట్టంతో జమీ పోయింది, షావుకారు మాత్రం పోలేదు. 1967 అక్టోబరు 31న మొండెంఖల్లులో జరిగే గిరిజన సంఘం సభకు నడిచి వెళ్తున్న వాళ్ళ మీద లేవిడి దగ్గర భూస్వాముల మనుషులు కాల్పులు జరిపారు. కోరన్న, మంగన్న చనిపోయారు. శ్రీకాకుళం గిరిజనోద్యమం మలుపు తిరిగింది అక్కడే. ఆనాడు గుంపుగా నడవడానికే నేల లేనివాళ్ళ పిల్లలు ఈనాడు ఆడుకోవడానికి నేల అడుగుతున్నారు. ఈ రెండూ వేరువేరు కథలని మేము అనుకోవడం లేదు.

పిచ్ తడిపినవాడు, పిచ్ మీద ఆడినవాడు

ఈ దేశంలో మైదానం మొదట్నించీ రాజ్యం పంచిపెట్టిన ఆస్తి. 1880ల్లో బొంబాయిలో తెల్లదొరలు పోలో ఆడుతుంటే వాళ్ళ గుర్రాల డెక్కల కింద మైదానం చెడిపోతోందని, తమకు క్రికెట్ ఆడుకునే చోటు లేకుండా పోతోందని దేశీయ ఆటగాళ్ళు ప్రభుత్వానికి అర్జీల మీద అర్జీలు పెట్టుకున్నారు. ఆ తర్వాత సముద్రపు ఒడ్డున పార్శీలకు, ముస్లిములకు, హిందువులకు వేరువేరు జింఖానాలు కట్టుకోవడానికి ప్రభుత్వం స్థలాలిచ్చింది. మతం పేరిట స్థలం వచ్చింది. ఆ స్థలంలోకి ఏ కులం అడుగు పెట్టాలో జింఖానా పెద్దలే తేల్చుకున్నారు.

పల్వంకర్ బాలూ చరిత్ర ఇక్కడే అర్థమవుతుంది. 1876లో పుట్టిన ఈ చమార్ కులస్థుడు పూనాలో దొరల క్లబ్బు మైదానాన్ని చదును చేసి, నీళ్ళు చల్లి, వలలు కట్టే పనికి కుదిరాడు. జీతం నెలకు నాలుగు రూపాయలు. దొరలకు సాధన కోసం బంతులు వేసి వేసి, దేశంలో అంతటి ఎడమచేతి బౌలర్ లేడనిపించుకున్నాడు. హిందూ జట్టుకు అతని వేళ్ళు కావాల్సొచ్చాయి. మైదానంలో అతను పట్టిన బంతిని అందరూ ముట్టుకున్నారు. టీ విరామంలో మాత్రం అతనికి పెవిలియన్ బయట, విడిగా, మట్టి ముంతలో టీ పోశారు. 1911లో ఇంగ్లండు పర్యటనలో వందకు పైగా వికెట్లు తీసినా హిందూ జట్టు అతన్ని కెప్టెన్ని చెయ్యలేదు. చివరికి 1923లో అతని తమ్ముడు విఠల్‌కి ఆ పదవి దక్కింది.

బాలూని దేవుణ్ణి చెయ్యాల్సిన పని లేదు. 1932లో పూనా ఒప్పందం మీద సంతకం పెట్టినవాళ్ళలో అతనొకడు. 1937 బొంబాయి శాసనసభ ఎన్నికల్లో కాంగ్రెస్ తరఫున అంబేద్కర్ మీద పోటీచేసి ఓడిపోయాడు. ఆట ఇచ్చిన గౌరవం మనిషిని ఎటువైపు లాగుతుందో కూడా ఆ జీవితం చెప్తుంది. మా వాదనకు కావాల్సింది ఇంకొక సంగతి. ఆ మైదానాన్ని ఆటకు సిద్ధం చేసిన చెయ్యి బాలూది. దాని మీద హక్కు మాత్రం ఎన్నడూ అతనిది కాలేదు. ఆనాటి ఈ ఏర్పాటు స్వాతంత్ర్యం వచ్చాక ఏ మేరకు మారింది?

ఫతే మైదాన్ నుంచి గచ్చిబౌలి దాకా

కొంత మారింది. ఆ మాట కూడా నిజాయితీగా చెప్పుకోవాలి. హైదరాబాదులో ఫతే మైదాన్ మీద వెలిసిన స్టేడియం 1967లో లాల్ బహదూర్ పేరు పెట్టుకుంది. 1955లో అక్కడ మొదటి టెస్టు మ్యాచి జరిగింది. కానీ ఆ రోజుల్లో హైదరాబాదు పేరు మోగింది క్రికెట్టుతో కాదు, ఫుట్‌బాల్‌తో. సయ్యద్ అబ్దుల్ రహీం దగ్గర తయారైన సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్పు గెలిచింది. రహీం శిక్షణలోనే దేశం 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది, 1962 ఆసియా క్రీడల్లో బంగారు పతకం గెలిచింది. ఆ ఆటగాళ్ళలో చాలామంది బీద ముస్లిం, క్రైస్తవ, కూలి కుటుంబాల నుంచి వచ్చినవాళ్ళు. సికింద్రాబాద్ అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం అలాంటి బీద ఇంటి బిడ్డే. పోలీసు, రైల్వే లాంటి సర్కారు ఉద్యోగాలు ఆ ఆటకు అన్నం పెట్టాయి. ప్రభుత్వ సొమ్ము ఆటగాడి కడుపులోకి వెళ్ళిన కాలం అది.

తర్వాత ఆ సొమ్ము దారి మార్చుకుని కాంక్రీటులోకి వెళ్ళింది. 2002 డిసెంబరులో జాతీయ క్రీడలు, 2003 అక్టోబరు, నవంబరుల్లో ఆఫ్రో-ఆసియా క్రీడలు హైదరాబాదులో జరిగాయి. వాటి కోసం గచ్చిబౌలిలో ప్రభుత్వం అథ్లెటిక్ స్టేడియం, ఇండోర్ స్టేడియం, ఈతకొలను కట్టించింది. అథ్లెటిక్ స్టేడియానికి జి.ఎం.సి. బాలయోగి పేరు పెట్టారు. లోక్‌సభ స్పీకర్ అయిన మొదటి దళితుడు ఆయన, 2002 మార్చిలో హెలికాప్టర్ ప్రమాదంలో చనిపోయారు. గోడ మీద మన పేరు పడింది, సంతోషం. తాళంచెవి ఎవరి చేతిలో పడిందన్నదే మనం అడగాల్సింది.

ఆ క్రీడల సందడిలోనే ఇంకో పని జరిగింది. 2003 ఆగస్టులో ఐ.ఎం.జి. అకాడమీస్ భారత అనే కంపెనీతో అప్పటి ప్రభుత్వం ఒప్పందం చేసుకుంది. ఆ కంపెనీ పుట్టి అప్పటికి వారం కూడా కాలేదు. అంతర్జాతీయ స్థాయి ఆటగాళ్ళను తయారుచేస్తామన్న మాట మీద కంచ గచ్చిబౌలిలో 400 ఎకరాలు, మామిడిపల్లిలో 450 ఎకరాలు ఇవ్వడానికి ప్రభుత్వం ఒప్పుకుంది. గచ్చిబౌలి నేల ధర ఎకరం 50,000 రూపాయలు. హైటెక్ సిటీ పక్కన, అప్పటికే బంగారమైన నేల అది. శాసనసభ రద్దయి ఆపద్ధర్మ ప్రభుత్వం నడుస్తుండగా 2004 ఫిబ్రవరిలో ఆ 400 ఎకరాలు రిజిస్టరయ్యాయి. తర్వాత వచ్చిన ప్రభుత్వం 2006లో దాన్ని రద్దు చేసింది. కోర్టుల్లో 18 ఏళ్ళు నడిచి, 2024 మార్చిలో తెలంగాణ హైకోర్టు రద్దును సమర్థించింది. 2024 మేలో సుప్రీంకోర్టు కంపెనీ అప్పీలును కొట్టేసింది. ఈలోపల ఆ నేల మీద ఒక్క క్రీడాకారుడూ తయారు కాలేదు.

ఆ నేల హైదరాబాదు విశ్వవిద్యాలయానికి ఆనుకొని ఉంది. 1974లో విశ్వవిద్యాలయం పెట్టినప్పుడు దానికి చూపించిన విశాలమైన భూమిలోదే ఇది. 2016 జనవరి 17న రోహిత్ వేముల ప్రాణం తీసుకున్న విశ్వవిద్యాలయం కూడా ఇదే. 2025 మార్చిలో అదే 400 ఎకరాల్లోకి ప్రభుత్వ సంస్థ బుల్డోజర్లు వచ్చాయి, ఈసారి ఆట పేరు చెప్పకుండా, ఐటీ పేరుతో. విద్యార్థులు అడ్డుపడ్డారు. 2025 ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు తనంతట తానే కల్పించుకుని పనులు ఆపించింది. చదువు కోసం చూపించిన నేల ఆట పేరుతో ఒకసారి, ఐటీ పేరుతో ఇంకోసారి చేతులు మారబోయింది. పేరు ఏదైనా ప్రభుత్వం చేసిన పని ఒకటే: ఉమ్మడి నేలను సరుకు చెయ్యడం.

జట్ల వలస, మనుషుల వలస

మా ప్రాంతంలో ఊళ్ళ పేర్లలోనే వలస ఉంది. కురుపాం పక్కన జియ్యమ్మవలస, అటు ఆమదాలవలస. ఎక్కణ్ణించో వచ్చి అడవి కొట్టి, పొలం చేసి నిలబడ్డవాళ్ళ గుర్తులు ఆ పేర్లు. వలస అంటే ఇక్కడ ఊరు కట్టుకోవడం. ఈనాడు అదే మాటకు అర్థం తిరగబడింది. పంట కోతలయ్యాక కొండమీది కుర్రాళ్ళు చెన్నై, విజయవాడ, హైదరాబాదు భవనాల పనికి బస్సెక్కుతారు. అప్పు తీరేదాకా తిరిగిరారు.

జట్లు కూడా వలసపోతాయి, అయితే అప్పు తీర్చడానికి కాదు. 2008లో ఐ.పి.ఎల్. మొదలైనప్పుడు హైదరాబాదు పేరు మీద డెక్కన్ ఛార్జర్స్ జట్టును ఒక పత్రికా సంస్థ 10 కోట్ల 70 లక్షల డాలర్లకు కొనుక్కుంది. 2010లో తెలంగాణ ఉద్యమం ఉధృతంగా ఉందని ఆ జట్టు సొంతగడ్డ మ్యాచులన్నీ నాగపూరు, కటక్, నవీ ముంబైలకు వెళ్ళిపోయాయి. జనం తమ రాష్ట్రం కోసం రోడ్డెక్కితే ఆ జనం పేరు పెట్టుకున్న జట్టు ఊరొదిలింది. 2012లో బోర్డు ఆ జట్టునే రద్దు చేసింది. మరో యజమాని వచ్చి సన్‌రైజర్స్ అని పేరు పెట్టాడు. అభిమానులు మాత్రం జెండా మార్చి అదే ఉప్పల్ స్టేడియంలో కూర్చున్నారు. 2025లో ఉచిత టిక్కెట్ల గొడవతో ఆ కొత్త జట్టు కూడా హైదరాబాదు వదిలిపోతామని రాతపూర్వకంగా హెచ్చరించింది.

ఫుట్‌బాల్ సంగతి ఇంకా విచిత్రం. పూనాలో ఒక జట్టు మూతపడితే దాని స్థానంలో 2019లో హైదరాబాద్ ఎఫ్.సి. పుట్టింది. ప్రభుత్వం కట్టిన బాలయోగి స్టేడియాన్ని సొంతగడ్డ చేసుకుంది. 2021-22లో దేశపు పెద్ద లీగు గెలిచింది. తర్వాత డబ్బు కటకట వచ్చింది. జీతాలు అందక ఆటగాళ్ళు వెళ్ళిపోయారు. యాజమాన్యం మారి, 2025 అక్టోబరులో జట్టు ఢిల్లీకి తరలిపోయి పేరు కూడా మార్చేసుకుంది. రహీం నగరానికి ఆరేళ్ళ ముచ్చట మిగిలింది. సిటీ పోలీస్ జట్టు ఓడిపోయిన ఏడాదీ హైదరాబాదులోనే ఉండేది, ఎందుకంటే అందులోవాళ్ళు ఆ ఊరి మనుషులు. కొత్త జట్టుకు ఊరు ఒక అద్దె కొంప.

ఈ రోగం మన దగ్గర పుట్టింది కాదు. అమెరికాలో యాభై అరవై ఏళ్ళుగా జట్టు యజమానులు నగరాల్ని ఒకదాని మీద ఒకటి ఎగదోసి, ప్రజల సొమ్ముతో స్టేడియాలు కట్టించుకుంటున్నారు. కట్టకపోతే పోతామంటారు. ఓక్లండ్ బేస్‌బాల్ జట్టును లాస్ వేగాస్‌కు రప్పించడానికి 2023లో నెవాడా రాష్ట్రం 38 కోట్ల డాలర్ల వరకు ప్రజాధనం ఇవ్వడానికి చట్టం చేసింది. స్టేడియం వస్తే వ్యాపారం పెరుగుతుంది, ఉద్యోగాలొస్తాయి అని ప్రతిసారీ చెప్తారు. 1997లో రోజర్ నోల్, ఆండ్రూ జింబలిస్ట్ సంపాదకత్వంలో వచ్చిన అధ్యయనాలు ఈ మాటను లెక్కలతో పరీక్షించి, స్టేడియం పెట్టుబడి స్థానిక ఆదాయాన్ని చెప్పుకోదగ్గంతగా పెంచదని తేల్చాయి. జనం సినిమాకో హోటలుకో పెట్టే ఖర్చునే మ్యాచికి మళ్ళిస్తారు. కొత్త డబ్బు పుట్టదు.

అంతకన్న మన గుండెకు తగిలేది లాస్ ఏంజెలస్‌లోని చావెజ్ రవీన్ కథ. అది కొండ లోయలో మెక్సికన్ కూలి కుటుంబాల పేట. పేదలకు ప్రభుత్వ ఇళ్ళు కడతామని 1950 నుంచి వాళ్ళను ఖాళీ చేయించారు. రాజకీయం మారి ఇళ్ళ పథకం రద్దయింది. ఆ నేలను నగరం 1957లో బ్రూక్లిన్ నుంచి తరలి వస్తున్న డాడ్జర్స్ బేస్‌బాల్ జట్టు యజమానికి ఇవ్వజూపింది. చివరిదాకా కదలని కుటుంబాన్ని 1959 మేలో పోలీసులు ఇంట్లోంచి మోసుకొచ్చి రోడ్డు మీద పడేశారు. 1962లో అక్కడ స్టేడియం తెరిచారు. ఇళ్ళ కోసమని తీసుకున్న నేల ఆటకు పోయింది. గచ్చిబౌలిలో చదువు నేల ఆటకు పోబోయింది. పేదల పేరు చెప్పి సేకరించడం, తర్వాత ప్రయోజనం మార్చడం – అసైన్డు భూములు పోగొట్టుకున్న మన వాళ్ళకు ఈ పద్ధతి కొత్త కాదు. అమరావతి మొదటి విడతలో అసైన్డు భూముల దళిత రైతులకు పట్టా రైతులకన్న తక్కువ ప్యాకేజీ రాసిన ప్రభుత్వ కాగితాలు ఉన్నాయి. 2025లో రెండో విడత భూసమీకరణకు చెప్పిన కారణాల్లో అంతర్జాతీయ క్రీడానగరం ఒకటి. అందుకే ముందే మాట్లాడాలి.

నీళ్ళు

విశాఖలో మునిసిపల్ కార్పొరేషన్ స్టేడియం, ఇందిరా ప్రియదర్శిని పేరు మీద ఉన్నది, 1988 నుంచి 2001 దాకా అంతర్జాతీయ మ్యాచులు చూసింది. తర్వాత ఆట పోతినమల్లయ్యపాలెంలో క్రికెట్ సంఘం స్టేడియానికి తరలింది. 2005 ఏప్రిల్ 5న అక్కడ ధోనీ పాకిస్తాన్ మీద 148 పరుగులు చేశాడు. ఊరు ఓట్లేసి ఎన్నుకున్న కార్పొరేషన్ చేతిలోంచి ఎవరూ ఎన్నుకోని సంఘం చేతిలోకి ఆట వెళ్ళిపోయిందన్న సంగతి ఆ 148 వెలుగులో ఎవరికీ కనపడలేదు.

2016లో మహారాష్ట్ర కరువుతో అల్లాడింది. మంచినీళ్ళు రైళ్ళలో మోస్తున్న ఏడాది అది. మైదానాల పచ్చిక తడపడానికి 60 లక్షల లీటర్ల నీళ్ళు ఖర్చవుతాయన్న లెక్క మీద ప్రజాప్రయోజన వ్యాజ్యం పడింది. ఏప్రిల్ 13న బొంబాయి హైకోర్టు, 30వ తేదీ తర్వాతి మ్యాచులు రాష్ట్రం బయట పెట్టుకోమంది. ముంబై, పూనా జట్లు రెండూ విశాఖను ఎంచుకున్నాయి. మే నెలలో విశాఖలో ఆరు మ్యాచులు జరిగాయి. విశాఖకు గర్వకారణమని మన పత్రికలు రాశాయి. మండువేసవిలో ఉత్తరాంధ్రలో నీళ్ళ సంగతేమిటని అడిగినవాళ్ళు తక్కువ.

విశాఖ నగరం తాగే నీళ్ళలో కొంత తాటిపూడి నుంచి, కొంత రైవాడ నుంచి వస్తుంది. గోస్తని, శారద కొండల్లోంచే దిగుతాయి. కొండ తన నీళ్ళు పట్నానికి పంపింది. పట్నం కొండకు ఏం పంపింది? 2025 అక్టోబరులో కురుపాంలో గిరిజన బాలికల గురుకుల పాఠశాలలో కామెర్లు వ్యాపించాయి. వందమందికి పైగా ఆడపిల్లలు ఆస్పత్రుల పాలయ్యారు. ఇద్దరు చనిపోయారు. తాగునీరే కారణమని మొదటినుంచీ అనుమానం వచ్చింది. పచ్చికకు ఎన్ని లీటర్లు కావాలో లెక్కగట్టగల దేశం ఆడపిల్లల వసతిగృహంలో నీళ్ళ ట్యాంకు ఎన్ని రోజులకోసారి కడగాలో లెక్కగట్టలేదా? ఇది ఆటకు వ్యతిరేకంగా అంటున్న మాట కాదు. ఆ పిల్లలకూ ఆటస్థలం కావాలి. ముందు బతికుండాలి.

సొమ్ము: ఉపప్రణాళిక అనే గల్లాపెట్టె

2010 అక్టోబరులో ఢిల్లీలో కామన్వెల్త్ క్రీడలు జరిగాయి. ఆ ఏడాదే జాతీయ దళిత మానవ హక్కుల ఉద్యమం సమాచార హక్కు కింద కాగితాలు తీయించి, ఢిల్లీ ప్రభుత్వం షెడ్యూల్డు కులాల ప్రత్యేక ప్రణాళిక నిధుల్లోంచి 744 కోట్ల రూపాయలను ఆ క్రీడల పనులకు మళ్ళించిందని బయటపెట్టింది. దళిత పిల్లల స్కాలర్‌షిప్పులకు, ఇళ్ళకు వాడాల్సిన సొమ్ము స్టేడియాలకు, రోడ్లకు, దీపాలకు పోయింది. పార్లమెంటులో గొడవయ్యాక కేంద్ర హోంమంత్రి నిధులు మళ్ళిన మాట ఒప్పుకోవాల్సొచ్చింది. ప్రజాధనంతో స్టేడియం అన్నప్పుడు ఆ ప్రజలెవరు అన్న ప్రశ్నకు ఇంతకన్న తేటతెల్లమైన జవాబు మాకు దొరకలేదు.

గిరిజన ఉపప్రణాళిక అయిదో పంచవర్ష ప్రణాళికలో, దళితుల ప్రత్యేక ప్రణాళిక 1979-80లో మొదలయ్యాయి. చట్టబలం లేక ఏటా నిధులు మురిగిపోయాయి, మళ్ళిపోయాయి. దళిత, గిరిజన, వామపక్ష సంఘాల పోరాటంతో 2012 డిసెంబరులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఉపప్రణాళిక బిల్లు ఆమోదించింది. 2013లో అది చట్టమైంది. దేశంలో ఇలాంటిది మొదటిది. అది మన విజయం. కానీ ఆ విజయానికి ఒక దొడ్డిదారి ఉంది. విభజించడానికి వీల్లేని మౌలిక సదుపాయాల విషయంలో ఖర్చులో కొంత భాగాన్ని దళిత, గిరిజనుల ఖాతాలో రాసుకోవచ్చని ఆ చట్టమే అంటుంది. రోడ్డు అందరిదీ గదా, అందులో మీ వాటా ఇంత అని లెక్క చూపిస్తారు. రేపు స్టేడియం కూడా అందరిదే గదా అంటే ఏం చేస్తాం? ఆ దారిలోంచి ఏమేమి లోపలికొస్తున్నాయో ఏటా బడ్జెటు పుస్తకాలు తిరగేసి చూడాల్సిన పని విద్యార్థులది, ఉపాధ్యాయులది.

ఇంకో చిక్కు ఉంది. క్రికెట్ బోర్డు రాజ్యాంగం దృష్టిలో రాజ్యం కాదని 2005లో సుప్రీంకోర్టు అంది. అది ప్రజాకార్యం చేస్తోంది కాబట్టి హైకోర్టులో నిలదీయవచ్చని 2015లో అంది. 2025 జాతీయ క్రీడాపాలన చట్టం మాత్రం ప్రభుత్వ నిధులు తీసుకునే సంఘాలకే సమాచార హక్కును పరిమితం చేసింది. చౌకగా నేల ఇవ్వడం, పోలీసు బందోబస్తు ఇవ్వడం, రోడ్డు వెయ్యడం ఇవన్నీ నిధులు కావా? నేలలేనివాడికి మూడు సెంట్లిచ్చినా ఫొటో తీసి అది ప్రభుత్వ సాయమని బోర్డు పెడతారు గదా. సంఘానికిచ్చిన ఎకరాలకు ఆ బోర్డు ఎందుకు పెట్టరు?

కళ్ళం

కురుపాం చుట్టూ ఊళ్ళలో కోతలయ్యాక కళ్ళమే మైదానం. నూర్పిళ్ళు అయిపోయిన నేల గట్టిగా, చదునుగా ఉంటుంది. చెడుగుడుకు అంతకన్న ఏం కావాలి? ఆ ఆటే 2014లో ప్రొ కబడ్డీగా మారి విశాఖ పోర్టు ఇండోర్ స్టేడియంలో చాప మీద, దీపాల కింద, తెలుగు టైటాన్స్ పేరుతో కనిపించింది. కూలివాడి ఆటకు గౌరవం వచ్చిందని సంతోషించినవాళ్ళలో మేమూ ఉన్నాం. కానీ చాప మీద ఆడే కబడ్డీకి చాప కావాలి, బూట్లు కావాలి, శిక్షకుడు కావాలి. కళ్ళంలో ఆడినవాడు ఆ చాప దాకా చేరే మెట్లు ఎవరూ కట్టలేదు.

ఈ నేలలో బలం లేక కాదు. వీరఘట్టంలో పుట్టిన కోడి రామ్మూర్తి మల్లయోధుడిగా దేశమంతా పేరు మోశాడు. ఆయన పేరున శ్రీకాకుళంలో ఉన్న స్టేడియాన్ని కొత్తగా కడతామని పడగొట్టి, పనులు ఏళ్ళ తరబడి సాగదీశారు. ఆమదాలవలస దగ్గర ఊసవానిపేటలో పుట్టిన కరణం మల్లీశ్వరి ఊరి వ్యాయామశాలలో బరువులెత్తడం నేర్చుకుని 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో కంచు పతకం తెచ్చింది. ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి భారత మహిళ ఆమె. ఆమెను తయారుచేసింది పల్లెటూరి వ్యాయామశాల, ఒక మంచి గురువు. ఆ ఖర్చు ఒక గ్యాలరీ ఖర్చులో ఎన్నో వంతు?

స్టేడియం ఖాళీ అయ్యాక జరిగేది కూడా చరిత్రలో భాగమే. విశాఖలో, విజయనగరంలో పారిశుధ్య పని తరతరాలుగా రెల్లి కులస్థుల మీద పడింది. దీపాలారిపోయాక సీసాలు, ఎంగిలి ప్లేట్లు ఎత్తడానికి చీపురు పట్టే చేతుల్ని టీవీ చూపించదు. పూనాలో బాలూ పిచ్ తడిపిన రోజుల నుంచి ఈనాటిదాకా ఆ పని ఏ కులానికి పోతోందో చూస్తే మైదానంలో ఎంత మారిందో, ఎంత మారలేదో తెలుస్తుంది.

ఏం అడగాలి

దళితులు వేరు, ఆదివాసులు వేరు. కొండమీది ఎస్సీలకు, పైడి కులస్థులకు, 1/70 చట్టంతో ఉన్న ఇబ్బంది జాతాపులకు లేదు. జాతాపులకు, సవరలకు షావుకార్లతో ఉన్న అనుభవం మైదానం దళితులది కాదు. మైదానం నుంచి వచ్చి రాస్తున్న మేము అందరి గొంతూ మాదే అనబోము. అయినా ఉమ్మడి నేల, ఉమ్మడి సొమ్ము అన్నచోట మన ప్రశ్నలు కలుస్తాయి. కొండ ఈ విషయంలో మైదానానికి ఒక పాఠం నేర్పింది. 1997 జూలై 11న సమత కేసులో సుప్రీంకోర్టు, షెడ్యూల్డు ప్రాంతంలో ప్రభుత్వం తన భూమిని సైతం ప్రైవేటు కంపెనీకి కౌలుకివ్వడానికి వీల్లేదని చెప్పింది. కంచ గచ్చిబౌలి ఏజెన్సీలో ఉండి ఉంటే ఎకరం 50,000 బేరం పుట్టేదే కాదు. ఏజెన్సీ చట్టాలు అభివృద్ధికి అడ్డని వాదించేవాళ్ళు ఈ మాట ఆలోచించాలి.

అంచేత మేము అడిగేవి ఇవి. ఆట పేరుతో ఇచ్చిన ప్రతి ఎకరానికీ ధర, గడువు, షరతు బహిరంగంగా పెట్టాలి. ఆట ఆగిన రోజు నేల తిరిగి ప్రజలకు రావాలి. ప్రభుత్వం కట్టిన స్టేడియంలో జట్టు ఆడే రోజులు పోను మిగిలిన రోజులు బడిపిల్లలవి కావాలి. జట్టు వెళ్ళిపోతే స్టేడియం బాకీ ఎవరు తీరుస్తారో ఒప్పందంలోనే రాయాలి. ఉపప్రణాళిక నిధుల్లోంచి ఒక్క రూపాయి కూడా పెద్ద స్టేడియాల పద్దులోకి పోకూడదు. ప్రతి గురుకులానికీ, వసతిగృహానికీ శుభ్రమైన నీళ్ళు, ఒక ఆటస్థలం, జీతం సక్రమంగా అందే ఒక వ్యాయామ ఉపాధ్యాయుడు, ఆడపిల్లలకు ఆడుకునే సమయం – వీటికి ముందు డబ్బు కేటాయించి, ఆ తర్వాతే జట్లకు నేల సంగతి మాట్లాడాలి.

పాఠకుల్లో ఉపాధ్యాయులున్నారు, విద్యార్థులున్నారు, సంఘాల్లో పనిచేసేవాళ్ళున్నారు. మీ ఊరి స్టేడియం కాగితాలు వెతకండి. అది ఎవరి నేల, ఎప్పుడు ఎవరి చేతికి వెళ్ళింది, అంతకుముందు అక్కడ ఎవరుండేవారు, ఈరోజు గేటు ఎవరికి తెరుస్తున్నారు – ఈ నాలుగు సంగతులు రాసి పంపినా చాలు. అలా పోగుచేస్తేనే ఈ రాష్ట్రాల ఆటల చరిత్ర పూర్తవుతుంది. కురుపాంలో చనిపోయిన ఆ ఇద్దరు ఆడపిల్లలు ఏ ఆట ఆడేవారో మనకు తెలీదు. ఎందుకంటే వాళ్ళ ఆట గురించి ఎవరూ రాయలేదు. రాయాల్సిన బాధ్యత మన మీద ఉంది.